బండి సందేహాలు: స్వే బార్ లింకులు లేత్ మీద చేయించుకోవచ్చా?

ప్రశ్న: సార్ నమస్తే. సెకండ్ హ్యాండ్ లో రెండు సీట్ల జర్మన్ స్పోర్ట్స్ కారు ఒకటి తీసుకున్నా, లోయరింగ్ స్ప్రింగులు వేయించి 30 మిల్లీమీటర్లు దించాను, ఇప్పుడు గుంతల్లో ఎడమ పక్క టక్ టక్ మంటోంది. ముందు స్టెబిలైజర్ లింకులు (స్వే బార్ లింకులే) రెండూ పోయాయన్నారు, రేటు చెప్తే కళ్ళు తిరిగాయి. ఆటోనగర్ లో తెలిసిన లేత్ ఉంది, రోడ్ ఎండ్లు (రాడ్డు చివర త్రెడ్డుతో బిగించే, బంతి ఉన్న జాయింట్లు) తెప్పించుకుని మధ్య రాడ్డు అక్కడే లావుగా స్ట్రాంగ్ గా చేయించేస్తే మలుపుల్లో బాడీ రోల్ (కారు పక్కకి వాలడం) కూడా తగ్గుద్ది కదా అని ప్లాన్. కారు దించాను కాబట్టి లింక్ కొంచెం పొట్టిగా చేయించాలంటున్నారు, ఎంత తగ్గించాలి? – ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: చేయించుకోవచ్చు గురూ, బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే ఒక ఆశ ముందే వదిలేసుకోండి, లింక్ లావైనంత మాత్రాన బాడీ రోల్ తగ్గదు. రోల్ ని ఆపేది స్వే బార్, అంటే రెండు పక్కల చక్రాల్ని కలుపుతూ అడ్డంగా ఉండే స్టీలు కడ్డీ, మెలి తిరిగి ఎదురు తన్నేది అదే. 24 మిల్లీమీటర్ల బార్ తీసి 26 వేస్తే దాదాపు 38 శాతం బిగువు పెరుగుతుంది, ఎందుకంటే అది మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. లింక్ పని చక్రం కదలికని బార్ దాకా చేర్చడం, అంతే. కొత్త లింకులు వేశాక స్టీరింగ్ తిప్పగానే కారు ఠక్కున తిరిగినట్టు అనిపిస్తుంది చూడండి, అది పాత జాయింట్లో ఉన్న లూజు పోయినందుకే గానీ రాడ్డు లావుకి కాదు.

సౌండ్ లింక్ దేనా కాదా అనేది కూడా ఓసారి చూసుకోండి. రోడ్డుకి అడ్డంగా మొత్తం ఉన్న స్పీడ్ బ్రేకర్ నెమ్మదిగా ఎక్కితే రెండు చక్రాలూ ఒకేసారి లేస్తాయి, బార్ తన బుష్షుల్లో ఊరికే తిరుగుతుంది, లింక్ మీద పెద్దగా లోడు పడదు. అదే ఒక చక్రం మాత్రమే గుంతలో పడితే బార్ మెలి తిరిగి లింక్ ని లాగుతుంది. రెండో చోట మాత్రమే టక్ మంటుంటే లింకో బార్ బుష్షో అనుకోవచ్చు, రెండు చోట్లా మోగుతుంటే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండేది) మౌంటు కూడా చూపించండి, లేదంటే లింకులు చేయించి వేసినా సౌండ్ అక్కడే ఉంటుంది.

ఇక పొడవు సంగతి. "దించితే పొట్టి లింక్" అని అందరూ అంటారు గానీ అది కారుని బట్టి. కింద పడుకుని చూడండి. లింక్ పై చివర స్ట్రట్ బ్రాకెట్ కి, కింది చివర బార్ కి ఉందనుకోండి, కారు 30 దిగిందంటే బాడీతో పోల్చితే స్ట్రట్ 30 పైకొచ్చినట్టు, బార్ చివర్ని కూడా తనతో పైకి లాక్కొచ్చినట్టు. దాన్ని పాత చోటికి దించాలంటే లింక్ పొడవు పెరగాలి, తగ్గకూడదు! అదే లింక్ కింద లోయర్ ఆర్మ్ కి (చక్రాన్ని కింద నుంచి పట్టుకునే చెయ్యి), పైన బార్ కి ఉండే టైపు అయితే అప్పుడు పొట్టి చేయాలి, అక్కడ కూడా లింక్ చక్రానికి లోపలగా ఉంటుంది కాబట్టి 30 అక్కర్లేదు, ఇంకా తక్కువే. అందుకే ఫిక్స్‌డ్ రాడ్డు వద్దు, అడ్జస్టబుల్ చేయించండి. కారు నేల మీద ఉన్నప్పుడు లింకుకి, బార్ చేతికి మధ్య ఇంచుమించు 90 డిగ్రీలు ఉంటే చాలు.

లేత్ దగ్గర ఏం చెప్పాలంటే, 19 మిల్లీమీటర్ల హెక్సా రాడ్డు, ఈఎన్ 8 రకం స్టీలు ఉంటే మంచిది, ఎమ్ 12 (12 మిల్లీమీటర్ల త్రెడ్డు) రోడ్ ఎండ్లకి సరిపోతుంది, చుట్టూ మూడున్నర మిల్లీమీటర్ల గోడ మిగులుతుంది. రోడ్ ఎండ్ పిచ్ (త్రెడ్డుకి త్రెడ్డుకి మధ్య దూరం) ముందు గేజ్ పెట్టి కొలవాలి, 1.75 అయితే 10.2 డ్రిల్లు, 1.25 అయితే 10.8, టర్నర్ కి తెలుసు లెండి, కాకపోతే పిచ్ కొలవకుండా "ఎమ్ 12 ఏగా" అని ట్యాప్ దింపేస్తేనే గొడవ. ఒక చివర మామూలు త్రెడ్డు, రెండో చివర లెఫ్ట్ త్రెడ్డు పెడితే కారుకి ఉండగానే రాడ్డు తిప్పి పొడవు మార్చుకోవచ్చు, 1.75 పిచ్ కి ఒక చుట్టుకి మూడున్నర మిల్లీమీటర్లు మారుతుంది. లెఫ్ట్ ట్యాప్ లేదంటే దిగులొద్దు, రెండూ మామూలు త్రెడ్డే పెట్టుకుని ఒక చివర విప్పి రోడ్ ఎండ్ ని అర చుట్టు అర చుట్టు తిప్పుకోవచ్చు, రోజూ మార్చేది కాదుగా.

రోడ్ ఎండ్ కనీసం 18 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. రాడ్డు చివరి నుంచి సరిగ్గా 18 దగ్గర పక్కన 2 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం పెట్టించండి, బిగించాక అందులోకి సన్న తీగ దూర్చి చూడండి, తీగ అడ్డం తగిలితే త్రెడ్డు సరిపడా ఉన్నట్టు, దూసుకుపోతే ఇంకా లోపలికి తిప్పాలి. రోడ్ ఎండ్ల దగ్గర వెల్డింగ్ మాత్రం చేయనివ్వకండి, వేడికి లోపలి టెఫ్లాన్ లైనర్ పోతుంది.

బోల్టు 10.9 గ్రేడ్, నట్టు నైలాక్ (లోపల నైలాన్ రింగు ఉన్నది). బంతికి రెండు పక్కలా కోన్ స్పేసర్లు ఉండాలి, లేకపోతే లింక్ పక్కకి వాలినప్పుడు రోడ్ ఎండ్ మెడ బ్రాకెట్ ని తన్నుకుంటుంది, అది లాగుడుకి తట్టుకుంటుంది గానీ వంపుకి విరుగుతుంది. బోల్టు తల వైపు పెద్ద వాషర్ వేస్తే బంతి ఊడినా లింక్ జారిపోదు.

బిగించేటప్పుడు ఒక పక్కే జాకీ ఎత్తి కుస్తీ పట్టొద్దు, బార్ మెలి తిరిగి ఉంటుంది, బోల్టు రాదు, వస్తే చెయ్యి మీదకొస్తుంది. ముందు చక్రాలు రెండూ గాల్లో ఉండాలి, లేదా రెండూ నేల మీద. ఆఖరి సెట్టింగ్ మాత్రం నేల మీదే. వీల్ అలైన్‌మెంట్ చేసే పిట్ దీనికి బాగా పనికొస్తుంది, లెవెల్ గా ఉంటుంది, కిందకి చెయ్యి అందుతుంది. టైర్లలో గాలి సరిచూసి, స్టీరింగ్ నిటారుగా పెట్టి, డ్రైవర్ సీట్లో మీ బరువు ఉన్న మనిషిని కూర్చోబెట్టండి. ఒక పక్క లింక్ పూర్తిగా బిగించేయండి. రెండో పక్క పొడవు మారుస్తూ పోతే ఒక చోట బోల్టు సుత్తి, రాడ్డు ఏమీ లేకుండా వేలితో తోస్తేనే దూరిపోతుంది, అక్కడ ఆపేయండి. మొత్తం పనిలో మనసు పెట్టాల్సింది ఇక్కడే. బలవంతంగా దూర్చారంటే బార్ ముందే ఒక పక్కకి మెలిపడి ఉంటుంది, అప్పుడు కారు ఎడమ మలుపులో ఒకలా కుడి మలుపులో ఇంకోలా వాలుతుంది, అనంతగిరి ఘాట్ ఎక్కితే తెలిసిపోతుంది.

చెక్ నట్లు (రోడ్ ఎండ్ తిరిగిపోకుండా లాక్ చేసే నట్లు) బిగించేటప్పుడు రోడ్ ఎండ్ ని స్పేనర్ తో పట్టుకోండి, అదీ తిరిగిపోతుంది. అయ్యాక లింక్ మధ్యలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడండి, కొంచెం ఊగాలి. స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి, బ్రేక్ హోసుకి, టైరుకి తగలట్లేదని చూశాకే బయటికి తీయండి.

ప్రశ్న: మాది భీమిలి బీచ్ రోడ్డు పక్కనే అండి. మా అబ్బాయి కారుకి అల్యూమినియం రాడ్డు, రోడ్ ఎండ్లు ఉన్న లింకులు వేయించాడు, కిర్రుమంటున్నాయి, చెక్ నట్లు తెల్లగా పట్టేశాయి. గ్రీజు పెడితే పోతుందా? – ఒక తల్లి, భీమునిపట్నం

జవాబు: సముద్రపు గాలి అమ్మా, ఉప్పు ఎక్కడా ఊరుకోదు. అల్యూమినియంలో స్టీల్ త్రెడ్డు ఉండి మధ్యలో ఉప్పు తేమ చేరితే అది అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ తెల్ల పొడి అదే. పూర్తిగా పట్టేయకముందే విప్పించి, త్రెడ్లు బ్రష్ చేయించి, యాంటీ సీజ్ పేస్టు రాయించండి. గ్రీజు మాత్రం అన్నిటికీ కాదు. టెఫ్లాన్ లైనర్ ఉన్న రోడ్ ఎండ్ కి గ్రీజు పూస్తే బీచ్ ఇసుకంతా దానికే అంటుకుని లైనర్ ని అరగదీస్తుంది. అలాంటివి మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి రబ్బరు బూట్లు తొడిగించడమే. లైనర్ లేకుండా స్టీలు మీద స్టీలు తిరిగేవాటికైతే గ్రీజు పెట్టాల్సిందే. చేత్తో ఊపితే బంతి లొడలొడలాడుతుంటే ఏం రాసినా లాభం లేదు, మార్చేయాలి. నన్నడిగితే బీచ్ పక్కన రోజూ తిరిగే కారుకి రబ్బరు బూటుతో వచ్చే కంపెనీ బాల్ జాయింట్ లింకులే హాయి, కానీ మీ అబ్బాయి వినడని నాకూ తెలుసు.

ప్రశ్న: లింకులు మారిస్తే వీల్ అలైన్‌మెంట్ చేయించాలా? – మద్దిలపాలెం

జవాబు: లింక్ తో టో, క్యాంబర్ (చక్రాల కోణాలు) మారవు, అక్కర్లేదు. కారు దించి ఉంటే మాత్రం, ఆ దించినందుకు చేయించాలి.