కోర్టు నుంచి ఫోనా? ముందు పెట్టేయండి

కొత్త ఫోన్ల గురించి రాద్దామనుకున్నా. ఈసారి మెయిల్ తెరిస్తే సగం ఉత్తరాలు అమెరికా ఫెడరల్ కోర్టుల చుట్టూనే తిరుగుతున్నాయి. ఒకే ఫిర్యాదు ఇన్నిసార్లు వస్తే ఇక తప్పదు కదా.

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. డాలస్ ఫెడరల్ కోర్టు నుంచి అంటూ ఫోన్ వచ్చింది. 'జ్యూరీ డ్యూటీకి రాలేదు, వారంట్ జారీ అయింది, ఇప్పుడే జరిమానా కట్టండి' అన్నాడు. స్క్రీన్ మీద కోర్టు పేరే కనిపించింది. వాడు చెప్పిన జడ్జి నిజంగానే ఉన్నారు, వెబ్‌సైట్‌లో చూశాం. మాకింకా గ్రీన్ కార్డ్ కూడా రాలేదు, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇలాంటి కాల్స్ ఆగాలంటే ఏ యాప్ పెట్టుకోవాలి?

యాప్ అక్కర్లేదండీ. మీ ఉత్తరంలోనే జవాబుంది. గ్రీన్ కార్డ్ కూడా రాలేదన్నారు. జ్యూరీ అంటే కోర్టులో కేసు విని నిర్ణయం చెప్పే మామూలు పౌరుల బృందం. ఫెడరల్ కోర్టులో అందులో కూర్చోవాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఆ డ్యూటీయే లేదు, ఇక ఎగ్గొట్టడమేమిటి?

పోస్టులో జ్యూరీ ప్రశ్నపత్రం రావడం మాత్రం వేరే సంగతి. ఓటర్ల జాబితాతో పాటు చాలాచోట్ల డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా పేర్లు తీస్తారు కాబట్టి పౌరులు కానివాళ్లకూ ఒక్కోసారి వస్తుంది. 'పౌరుణ్ని కాను' అని రాసి తిప్పి పంపాలి. తొందరలో 'పౌరుణ్నే' అన్న గడిలో టిక్కు పెట్టారో, రేపు ఇమిగ్రేషన్‌లో మెడకు చుట్టుకుంటుంది. ఆన్‌లైన్‌లో నింపేవాళ్లు ఆటోఫిల్‌ను నమ్మకండి.

ఇంకోటి. ఫోన్ చేసినవాడికి భూగోళం కూడా సరిగ్గా రాదు. ఫెడరల్ కోర్టుల లెక్కలో డాలస్ ఉన్నది టెక్సస్ నార్తర్న్ డిస్ట్రిక్ట్‌లో. ఫ్రిస్కో ఉన్న కాలిన్, డెంటన్ కౌంటీలు ఈస్టర్న్ డిస్ట్రిక్ట్‌లోకి, అందులో షెర్మన్ డివిజన్‌లోకి వస్తాయి. మీకు సమన్లు రావలసివస్తే అక్కణ్నుంచి రావాలి, అదీ పోస్టులో. దేశంలో ఇలాంటి జిల్లా కోర్టులు 94 ఉన్నాయి. మీ కౌంటీ ఏ కోర్టు కిందకు వస్తుందో ఒకసారి చూసి పెట్టుకోండి, రెండు నిమిషాల పని.

జడ్జి పేరు నిజమే అయితే ఏమైంది? కోర్టు వెబ్‌సైట్‌లో జడ్జీల పేర్లు, విచారణల క్యాలెండర్, కొత్త జడ్జి ప్రమాణ స్వీకారం, పౌరసత్వ ప్రమాణాల తేదీలు అన్నీ అందరి కోసం పెడతారు. ఆ వార్తల పేజీని మనం ఏడాదికోసారి కూడా చూడం. దొంగ మాత్రం రోజూ శ్రద్ధగా చదువుతాడు. ఇక స్క్రీన్ మీద కనిపించే పేరంటారా, అది అవతలివాడు నకిలీగా వచ్చేలా చేయగల అక్షరాలు, అంతే. ఫోన్ తయారుచేసేవాళ్ల మీద నా కోపం ఇక్కడే. అమ్మ పేరు చూపించినంత లావు అక్షరాలతోనే ఎవడో పంపిన పేరునూ చూపిస్తారు. ఇది మీరు దాచుకున్న నంబరు, ఇది వాడు చెప్పుకుంటున్న పేరు అని తేడా కనపడేలా చేయడానికి ఇన్నేళ్లు సరిపోలేదా? ఏటా కెమెరాకు ఇంకో కన్ను అతికించడానికి మాత్రం తీరిక దొరుకుతుంది.

నిజంగా జ్యూరీకి వెళ్లనివాళ్లకు చట్టంలో వెయ్యి డాలర్ల దాకా జరిమానా, మూడు రోజుల దాకా జైలు, లేదా సమాజ సేవ ఉంది. అయితే ముందు జడ్జి ఎదుట హాజరై కారణం చెప్పమంటారు. ఫోన్లో బేరాలుండవు. గిఫ్ట్ కార్డులతోనో, బిట్‌కాయిన్ మెషిన్లోనో కట్టడం అసలే ఉండదు.

డబ్బు పోవడం కన్నా నన్ను భయపెట్టేది ఇంకోటుంది. 'ధ్రువీకరణ కోసం' అంటూ పంపే లింకు. సోషల్ సెక్యూరిటీ నంబరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు ఫొటో అన్నీ అడిగే ఫారం. పోయిన డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, పుట్టిన తేదీ మార్చుకోలేం. ఆ వివరాలతో మీ పేరున అప్పులు పుడతాయి. లింకు నొక్కి నింపేసి ఉంటే ఈ రాత్రే అప్పుల చరిత్ర దాచే మూడు క్రెడిట్ బ్యూరోల దగ్గరా క్రెడిట్ ఫ్రీజ్, అంటే మీ పేరున కొత్త అప్పు పుట్టకుండా తాళం, పెట్టండి, ఉచితమే.

ఇలాంటి దొంగలు అనే 'ఫోన్ పెట్టొద్దు, ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట ఎక్కడో విన్నట్టు లేదూ? మన దగ్గర డిజిటల్ అరెస్ట్ అంటున్నది ఇదే. చట్టంలో అలాంటిదేదీ లేదని 2024 అక్టోబర్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. విజయవాడలో ఉన్న అమ్మానాన్నలకు 'ఎవరు ఫోన్ చేసినా నమ్మొద్దు' అని ఆదివారం ఆదివారం క్లాసు పీకే పిల్లలే, డాలస్‌లో జడ్జి పేరు వినగానే కాళ్లు వణికి కూర్చుంటున్నారు!

ప్రశ్న: హెచ్-1బీ లక్ష డాలర్ల ఫీజు మీద కోర్టు కేసులు ఎక్కడిదాకా వచ్చాయో ఎలా తెలుసుకోవాలి? మా వాట్సాప్ గ్రూపులో ప్రతి సోమవారం 'ఈ వారం తీర్పు' అంటారు.

ఆ గ్రూపును మ్యూట్ చేయండి. 2025 సెప్టెంబర్‌లో ఆ ఫీజు పెడుతూ అమెరికా అధ్యక్షుడి ప్రకటన వచ్చాక కాలిఫోర్నియా నార్తర్న్ డిస్ట్రిక్ట్‌లోనూ, వాషింగ్టన్ డీసీ కోర్టులోనూ వేర్వేరు దావాలు పడ్డాయి. మీ గ్రూపు రెండిటినీ కలిపి పులుసు పెడుతోంది. విచారణ తేదీ అంటే తీర్పు తేదీ కాదు, అది వాయిదా మాత్రమే. కేసు నంబరు పట్టుకుని డాకెట్, అంటే ఆ కేసులో దాఖలైన పత్రాల జాబితా, చూడటమే దారి.

అసలు డాకెట్ ఉండేది పేసర్ అనే ఫెడరల్ కోర్టుల వెబ్‌సైట్‌లో. పేజీకి 10 సెంట్లు, ఒక పత్రానికి 3 డాలర్లకు మించదు, మూడు నెలల్లో 30 డాలర్లు దాటకపోతే బిల్లే రాదు. జడ్జీల తీర్పులు ఉచితం. కానీ పేరు పెట్టి వెతికితే వచ్చే జాబితాకు ఆ 3 డాలర్ల హద్దు లేదు. తెలుగువాళ్ల ఇంటిపేరు ఒకటి కొట్టి వెతికి చూడండి, తెలుస్తుంది. వెతుకులాటకు మీటరు తిప్పే వెబ్‌సైట్ డిజైన్ ఎవరి బుర్రలో పుట్టిందో గానీ! రీక్యాప్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ ఉంది, పేసర్ అక్షరాలను తిరగేసి పెట్టిన పేరే అది. అది పెట్టుకున్నవాళ్లలో ఎవరో ఒకరు డబ్బు కట్టి తెరిచిన పత్రం కోర్ట్‌లిజనర్ అనే సైట్‌లో మిగతా అందరికీ ఉచితంగా దొరుకుతుంది. కేసుకు అలర్టు కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

పేసర్ ఖాతా ఉన్నవాళ్లు రెండంచెల లాగిన్ ఆన్ చేసుకోండి. ఈ కోర్టుల ఫైలింగ్ వ్యవస్థ మీద సైబర్ దాడుల గురించి 2021 జనవరిలో ఒకసారి, 2025 ఆగస్టులో మళ్లీ న్యాయవ్యవస్థే బయటకు చెప్పుకుంది. 'మీ కేసులో కొత్త పత్రం' అని వచ్చే మెయిల్లో లింకు నొక్కకండి. చిరునామా చివర యూఎస్‌కోర్ట్స్ డాట్ గవ్ ఉండేలా మీరే టైపు చేసి వెళ్లండి.

ప్రశ్న: వచ్చే నెల మా ఆవిడ పౌరసత్వ ప్రమాణం ఫెడరల్ కోర్టులోనే. వీడియో తీయనిస్తారా?

కోర్టు కోర్టుకీ రూలు వేరు. కొన్నిచోట్ల ఫోన్ గుమ్మం దాటనివ్వరు, కొన్నిచోట్ల ప్రమాణం అయ్యాక ఫొటోలకు జడ్జే పిలుస్తారు. ఆ కోర్టు వెబ్‌సైట్‌లో ఎలక్ట్రానిక్ పరికరాల నిబంధన చదివి బయల్దేరండి. స్మార్ట్ వాచీనీ పరికరం కిందే లెక్కేస్తారు. కెమెరా కళ్లజోళ్లంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఎదుటివాడికి చెప్పకుండా తీయడం తప్ప వాటి కొత్తదనం ఏమిటో నాకు అర్థం కాలేదు. మీ పవర్ అద్దాలు అందులోనే బిగించుకుని ఉంటే, గేటు దగ్గర తీసి ఇచ్చేశాక ప్రమాణం చేసే మనిషి మీకు మసకగా కనిపిస్తుంది. పాత కళ్లజోడు జేబులో వేసుకెళ్లండి.