గుండు చేయించుకుంటే గానీ తెలియలేదు

ప్రశ్న: "బట్టతలకు జుట్టు క్లోనింగ్ వస్తుందంటున్నారు. అప్పటిదాకా ఆగాలా, ఇప్పుడే ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవాలా?"

ఆగొద్దు. పదేళ్లు ఆగినవాణ్ని చెప్తున్నాను. క్లోనింగ్ అంటే మన కణాలనే బయట పెంచి కొత్త జుట్టు మొలిపించడం. 2013లో అమెరికాలోని కొలంబియా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ యూనివర్సిటీల వాళ్లు వెంట్రుక కుదురు అడుగునుండే కణాలను చిన్న చిన్న ఉండలుగా పెంచి, ఎలుకల మీద అతికించిన మనిషి చర్మంలో కొత్త జుట్టు మొలిపించారు. పేపర్లో చదివి గంతేశాను. అప్పటికి నాకు ఇరవై ఆరు, నుదురు ఇంకా నుదురులాగే ఉండేది. ఐదేళ్లలో గుంటూరుకి వచ్చేస్తుందనుకున్నా. నుదురు నడినెత్తికి వచ్చింది గానీ ఆ వైద్యం రాలేదు.

నన్నడిగితే, జుట్టు కోసం పరిశోధన చేసినవాళ్ల కంటే ఇంకేదో రోగానికి మందు వెతికినవాళ్లే మనకు ఎక్కువ మేలు చేశారు. మినాక్సిడిల్ మొదట బీపీ మాత్ర. అది మింగినవాళ్లకు ఒళ్లంతా జుట్టు మొలుస్తుంటే, తలకు రాసే మందుగా మార్చి 1988లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్నారు. ఫినాస్టరైడ్ ప్రోస్టేట్ మందు, 1997లో బట్టతలకు వచ్చింది. పేనుకొరుకుడు బాగా ముదిరినవాళ్లకు 2022లో అనుమతించిన బారిసిటినిబ్ కూడా అంతకుముందు కీళ్లవాతం మాత్రే. (మన బట్టతలకు అది పనిచేయదు, మెడికల్ షాపుకి పరిగెత్తకండి.)

ఇక ట్రాన్స్‌ప్లాంట్. వెనక జుట్టు తెచ్చి ముందు నాటినా దాని గుణం మారదని, రాలదని న్యూయార్క్‌లో ఓరెంట్రైక్ అనే డాక్టరు 1950ల్లోనే చూపించాడు. ఇవాళ్టికీ సూత్రం అదే. అప్పట్లో పంచ్ అనే గుండ్రటి గొట్టం లాంటి కత్తితో, అదీ 4 మిల్లీమీటర్లదానితో తీసి నాటితే ప్లాస్టిక్ బొమ్మ తలలా కుచ్చులు కుచ్చులుగా ఉండేది. ఇప్పుడు పంచ్ 1 మిల్లీమీటరు లోపే, ఒక్కో కుదురూ విడిగా తీస్తారు. నిజమైన మార్పు ఇదీ. మిగతా నీలం బ్లేడు, బంగారు సూది అన్నీ బిర్యానీకి పెట్టే పేర్లలాంటివి. పీఆర్పీ అనే రక్తం ఇంజెక్షన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నా రక్తమే తీసి, గిర్రున తిప్పి, మళ్లీ నాకే పొడిచి సిట్టింగుకు నాలుగు వేలు!

2023 జూన్‌లో విజయవాడలో ఒకచోట చేయించుకున్నా. డాక్టరు గారు వచ్చి పెన్నుతో గీత గీసి, ఇంజెక్షన్లు చేసి వెళ్లిపోయారు. మళ్లీ సాయంత్రమే దర్శనం. మిగతాదంతా ఇద్దరు టెక్నీషియన్లు. బోర్లా పడుకుని వాళ్ల సీరియల్ కబుర్లు వింటూ నాలుగు గంటలు గడిపాను. మొత్తం 2,200 గ్రాఫ్టులు (తీసి నాటే కుదుళ్లను అలా అంటారు). మధ్యలో వాళ్ల భోజనం, నాకు పెరుగన్నం. తీసిన కుదుళ్లు అంతసేపూ ట్రేలో ఉన్నాయి. బయట ఉన్నకొద్దీ అవి చచ్చిపోతాయని నాకు తర్వాత తెలిసింది.

నాది మిర్చియార్డులో గుమాస్తా పని. పన్నెండో రోజున టోపీ పెట్టుకుని వెళ్లాను. ఆ ఘాటు, ఆ చెమట, ఆ దురద, గోకకూడదు! హెల్మెట్ పెట్టుకోవద్దన్నారు, పెట్టుకోకపోతే ఫైను. ఆటోలకే రెండు వేలైంది. మూడో వారం నాటిందంతా దిండు మీద రాలింది. అది మామూలేనట, కుదురు లోపలే ఉంటుంది, నాలుగో నెలకు మొలిచింది. ఆ మాట ముందే చెప్పి ఉంటే మా అమ్మ అన్నం మానేసేది కాదు.

మొక్కు సంగతి అక్కడే మొదలైంది. అబ్బాయికి పెళ్లయితే తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ దుర్గమ్మకు మొక్కేసుకుంది. పెళ్లయింది. "ఎనభై ఐదు వేలు పెట్టి నాటించానమ్మా" అంటే, "ఇచ్చిందీ ఆ తల్లే కదరా" అంది. గుండు చేయిస్తే ఏమీ కాదులే, కత్తి పైజుట్టునే తీస్తుంది, కుదురును కాదు అనుకుని కేశఖండనశాలలో కూర్చున్నా.

తల వెనక వైపుకి రాగానే గుండు చేస్తున్నాయన కత్తి ఆగింది.

"ఏం సార్, హెయిర్ పెట్టించారా?"

"ఎలా తెలిసింది?"

"ఎన్ని తలలు చూస్తాం సార్! కుడిచెవి వెనక అంతా ఊడ్చేశారు, ఎడమ పక్క ముట్టుకోలేదు. చేలో ఒక మూలే కోసుకుపోయినట్టుంది."

మా ఆవిడ ఫోన్లో ఫొటో తీసి చూపించింది. (పెళ్లికి ముందే చెప్పానండీ, నమ్మండి.) కుడి పక్కన ఉప్మారవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు, ఎడమ పక్క నున్నగా. నా లెక్క ప్రకారం టెక్నీషియన్ స్టూలు అటు జరుపుకోవడానికి బద్ధకించాడు, అంతే. ముందు జుట్టు చూసి ఏడాదిగా మురిసిపోతున్నా, వెనక ఏం పోయిందో ఒక్కరోజు చూసుకోలేదు. వెనక ఉన్నది పొదుపు డబ్బు లాంటిది, తీస్తే మళ్లీ రాదు.

ఈ పని చేసే డాక్టరుకు సరైన శిక్షణ ఉండాలి, యూట్యూబ్ చూసి నేర్చుకుంటే చాలదు అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. నేను చదివింది గుండు తర్వాత. కాబట్టి క్లినిక్‌కి వెళ్తే బ్లేడు పేరు అడక్కండి. పంచ్ ఎవరు పడతారు, వెనక రెండు పక్కలా సమానంగా తీస్తారా, తీసినవి ఎంతసేపు బయట ఉంచుతారు, ఇవి అడగండి. విసుక్కుంటే లేచి వచ్చేయండి.

నాకు జుట్టు మళ్లీ వచ్చింది. బ్రాడీపేటలో మా కటింగ్ షాపాయనకు మాత్రం ప్రతిసారీ చెప్పుకోవాల్సి వస్తోంది, కుడిచెవి వెనక మిషన్ పెట్టొద్దు, కత్తెరే వెయ్యమని.