అందరికీ పరీక్ష మెయిల్ పంపే ముందు ఒక్క క్షణం ఆగండి

నాలుగు వందల మంది సభ్యులున్న మెయిలింగ్ లిస్టును కొత్త సర్వర్‌కు మార్చారు, కొందరు మెయిళ్ళు రావడం లేదంటున్నారు, అందరినీ ఇబ్బంది పెట్టకుండా ఎలా తేల్చుకోవాలి అన్నది మీ ప్రశ్న. పంపేయకుండా ముందు అడిగినందుకు చాలా సంతోషం.

ఆరేళ్ళ క్రితం నేను అలా ఆగలేదు. "ఇది పరీక్ష, పట్టించుకోవద్దు" అని ఒకే రాత్రి మూడు మెయిళ్ళు పంపాను. తెల్లవారేసరికి "అందింది" అంటూ పంతొమ్మిది జవాబులు వచ్చాయి. అవన్నీ లిస్టుకే వచ్చాయి, అంటే ప్రతి సభ్యుడికీ వెళ్ళాయి. ఇక ఆపండి అంటూ మరికొన్ని. ఆ వారంలో పదకొండు మంది తప్పుకున్నారు. వారిలో ఒకరు కొత్తవారి సందేహాలకు ఏళ్ళ తరబడి ఓపికగా జవాబులు రాసిన పెద్దావిడ. ఆమె మళ్ళీ చేరలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. ఇంత చేసినా నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. అందినవారు అందిందన్నారు, అందనివారికి నా ప్రశ్నే అందలేదు.

ముందుగా ఫిర్యాదు ఏమిటో సరిగ్గా కనుక్కోండి. "నేను పంపింది నాకే రాలేదు" అని ఎవరైనా అంటే అది చాలావరకు లోపం కాదు. మనం లిస్టుకు పంపిన మెయిల్ తిరిగి వచ్చినా జీమెయిల్ దాన్ని ఇన్‌బాక్స్‌లో రెండోసారి చూపించదు, పంపినవాటిలోనే ఉంచుతుంది. లిస్టులను నడిపే మెయిల్‌మ్యాన్ ప్రోగ్రామ్‌లో కూడా సొంత మెయిళ్ళు తనకు రాకుండా సభ్యుడు పెట్టుకునే వీలుంది. కాబట్టి మీరు పరీక్షించేటప్పుడు కూడా పంపే చిరునామా ఒకటి, అందుకునే చిరునామా వేరొకటి ఉండాలి.

ఇక అసలు పని. అదే సర్వర్‌లో, అదే డొమైన్‌లో మీ లిస్టుకు ఒక జంట లిస్టు పెట్టండి. అమరికలన్నీ అచ్చం అలాగే ఉండాలి: విషయం ముందు చేరే పేరు, మెయిల్ చివర చేరే పాదసూచిక, జవాబులు ఎక్కడికి వెళ్ళాలన్నది, అన్నీ. పేరు మాత్రం అసలు లిస్టు పేరుకు దగ్గరగా పెట్టవద్దు. రెండు అక్షరాలు కొట్టగానే మెయిల్ ప్రోగ్రామ్ తనంతట తానే చిరునామా పూర్తి చేస్తుంది. పరీక్ష మెయిల్ పొరపాటున అందరికీ వెళ్ళేది అక్కడే. సభ్యులుగా మీ సొంత పెట్టెలనే చేర్చండి: జీమెయిల్‌లో ఒకటి, యాహూలో ఒకటి, అవుట్‌లుక్‌లో ఒకటి, వీలైతే వేరే డొమైన్‌లో మరొకటి. జీమెయిల్ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి పది చిరునామాలు సృష్టించుకోవచ్చు, కానీ అవన్నీ ఒకే గుమ్మానికి చేరతాయి. నోటికొచ్చిన చిరునామాలు మాత్రం వద్దు, అవి నిజంగా ఎవరివైనా కావచ్చు.

పాదసూచిక గురించి అంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పంపినవారి సర్వర్ సాధారణంగా మెయిల్‌కు డీకిమ్ సంతకం చేస్తుంది, అంటే మెయిల్ దారిలో మారలేదని చూపే ముద్ర వేస్తుంది. లిస్టు చివర రెండు వరుసలు చేర్చగానే ఆ సంతకం సాధారణంగా చెల్లకుండా పోతుంది. పంపినవారి డొమైన్ తన డీమార్క్ విధానంలో (తన పేరుతో వచ్చి పరీక్షల్లో తప్పిన మెయిళ్ళను ఏం చేయాలో చెప్పే ప్రకటన) "తిరస్కరించండి" అని పెట్టి ఉంటే, అందుకునే సర్వర్లు ఆ మెయిల్‌ను తిప్పికొట్టవచ్చు. 2014 ఏప్రిల్‌లో యాహూ ఆ విధానం పెట్టినప్పటి నుంచి లిస్టు నిర్వాహకులు దీనితో సతమతమవుతున్నారు. అందుకే జంట లిస్టుకు యాహూ చిరునామా నుంచి కూడా ఒక మెయిల్ పంపి చూడండి. అది చేరకపోతే, పంపినవారి చిరునామా స్థానంలో లిస్టు చిరునామా కనిపించేలా చేసే అమరిక మెయిల్‌మ్యాన్‌లోనే ఉంది.

అందిన మెయిల్‌ను చూసి ఊరుకోకుండా దాని పూర్తి హెడర్లు, అంటే మెయిల్ వెంట వచ్చే దారి వివరాలు, తెరవండి. ఎస్‌పీఎఫ్ (డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే రికార్డు), డీకిమ్, డీమార్క్ పక్కన "పాస్" ఉందో "ఫెయిల్" ఉందో చూడండి. "రిసీవ్డ్" వరుసలను కింది నుంచి పైకి చదివితే మెయిల్ ఏ మజిలీలో ఎంతసేపు ఆగిందో తెలుస్తుంది. మీరు సర్వర్ మార్చారు కాబట్టి నా మొదటి అనుమానం ఎస్‌పీఎఫ్ రికార్డు మీదే. అందులో ఇంకా పాత సర్వర్ ఐపీ చిరునామానే ఉందేమో చూసుకోండి.

నాలుగైదు పెట్టెలు చెప్పలేనిది ఒకటుంది. కొత్త ఐపీ నుంచి ఒక్కసారిగా వందల మెయిళ్ళు వెళితే జీమెయిల్ వంటి పెద్ద సేవలు వాటిని తీసుకునే వేగం తగ్గించవచ్చు. అది అసలు లిస్టులోనే బయటపడుతుంది. దానికోసం ప్రత్యేకంగా ఏమీ పంపనక్కరలేదు. ఎవరో ఒక సభ్యుడు మామూలుగా రాసే తదుపరి మెయిలే మీ పరీక్ష. అది వెళ్ళగానే సర్వర్ లాగ్ (సర్వర్ తాను చేసిన ప్రతి పనీ రాసుకునే చిట్టా) తెరిచి ఒక్కో చిరునామా పక్కనున్న సంఖ్య చూడండి. 250 అంటే అవతలి సర్వర్ తీసుకుందని మాత్రమే, స్పామ్‌లో పడిందో లేదో అది చెప్పదు. 4తో మొదలైతే తాత్కాలికం, మీ సర్వర్ మళ్ళీ ప్రయత్నిస్తుంది, కొన్ని గంటలు ఆగండి. 5తో మొదలైతే తిరస్కరణ, కారణం సాధారణంగా ఆ వరుసలోనే ఉంటుంది. 250 ఉండి కూడా రాలేదన్నవారికి విడిగా రాసి, స్పామ్ ఫోల్డర్ చూడమనండి.

ఫిర్యాదు చేసినవారివి ఏ మెయిల్ సేవలో, లాగ్‌లో వారి పక్కన ఏ సంఖ్య ఉందో ఇక్కడ రాయండి, కలిసి చూద్దాం. పెట్టే ముందు సభ్యుల చిరునామాలు చెరిపేయడం మరవకండి.