గోల్ఫ్ బంతి మీద గురి కోసం వేసుకున్న గీత వెనుక నుంచి సూటిగా ఉండి, కొట్టడానికి నిలబడగానే కుడికి తిరిగినట్లు కనిపిస్తే

గీత తిరగలేదు, మీ కళ్లే పక్కకు ఉన్నాయి. వంగినప్పుడు అవి బంతికి సరిగ్గా పైన లేకపోతే సరైన గీత కూడా వంకరగా తోస్తుంది. దాన్ని నమ్మి, బంతిని రంధ్రంలోకి దొర్లించే కర్ర అయిన పటర్‌ను తిప్పేస్తాం. బెంగళూరులోని దొమ్మలూరు గోల్ఫ్ కోర్సులో నేనూ ఏడాది పాటు పటర్‌నే తిట్టుకున్నాను. కొత్తది కొన్నాను కూడా!

1. ముందు బంతి ఉన్నచోటికి గుర్తుగా మార్కర్ (చిన్న బిళ్ల) పెట్టండి. అది లేకుండా బంతిని ఉన్నచోటే తిప్పినా ఒక స్ట్రోకు పెనాల్టీ.

2. గీత చూపాల్సింది రంధ్రాన్ని కాదు, నేల వాలును బట్టి బంతి బయలుదేరాల్సిన దిక్కును.

3. చాలామంది వదిలేసేది ఇదే. గీత పెట్టాక రెండు మూడడుగులు వెనక్కి వెళ్లి, కూర్చుని మళ్లీ చూడండి. ఒక్క డిగ్రీ తేడా ఉంటే పది అడుగుల దూరంలో బంతి సుమారు 5.3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. రంధ్రం మధ్య నుంచి అంచుకు ఉన్నదే 5.4. తేడా కనిపిస్తే మొహమాటం లేకుండా మళ్లీ సరిచేయండి.

4. నిలబడ్డాక గీతను అనుమానించకండి. పటర్ ముఖాన్ని దానికి లంబంగా పెట్టి కొట్టండి.

కళ్ల సంగతి తేలాలంటే, ప్రాక్టీస్ గ్రీన్ (సాధన కోసం ఉన్న పచ్చిక) మీద బంతి ముందు వంగి నిలబడి కళ్ల మధ్య, ముక్కు మొదలు నుంచి ఇంకో బంతిని వదలండి. అది కింది బంతికీ పాదాలకూ మధ్య పడితే కొంచెం దగ్గరగా నిలబడండి.