ఫైనల్‌కి తిరిగేముందు కుడివైపు చూడు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

విమానం ఒంటరిగా నడపడం (సోలో) మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. ల్యాండింగ్ సంగతి మీ ఇన్‌స్ట్రక్టర్ చూసుకుంటారు. సర్క్యూట్‌లో, అంటే దిగడానికి రన్‌వే చుట్టూ తిరిగే దారిలో, నీతోపాటు తిరిగే మిగతా విమానాల గురించే నా బెంగ.

చిన్న విమానాలు ఢీకొనేది మబ్బుల్లోనో చీకట్లోనో అనుకుంటాం. ఎక్కువగా జరిగేది మంచి ఎండలో, రన్‌వే దగ్గర్లో, అందులోనూ ఫైనల్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా నేరుగా దిగే చివరి దారిలో. ఎదురెదురుగా కూడా కాదు, వెనకనుంచి వేగంగా వచ్చేది ముందున్నదాన్ని తగులుకుంటుంది. రెక్కలు కిందివైపు ఉండే విమానం పైనుంచి దిగుతుంటే పైలట్‌కి కిందది కనపడదు. రెక్కలు పైవైపు ఉండే విమానం కింద ఉంటే ఆ పైలట్‌కి పైది కనపడదు. ఇద్దరూ చూస్తూనే ఉంటారు, ఒకరికొకరు మాత్రం కనపడరు.

అందుకే బేస్ మీద, అంటే ఫైనల్‌కి తిరిగేముందు రన్‌వేకి అడ్డంగా వెళ్లే దారిలో, జాగ్రత్త. ఎడమ సర్క్యూట్‌లో కళ్లన్నీ ఎడమవైపు రన్‌వే మీదే ఉంటాయి. నేరుగా దూరంనుంచి ఫైనల్‌కి వచ్చేవాడు కుడివైపు ఉంటాడు. తిరగకముందే ఆ దారంతా చివరిదాకా, నీకంటే పైనా కిందా చూడు. తిరగడానికి విమానాన్ని పక్కకి వాల్చాక (బ్యాంక్ చేశాక) చూద్దామనుకోకు. నీది రెక్కలు పైవైపు ఉండే విమానం కదా, నువ్వు తిరిగేవైపే రెక్క వాలి అడ్డొస్తుంది.

రేడియోలో చెప్పాను కదా అని ధీమా వద్దు. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్‌లో, టవర్ లేని ఎయిర్‌పోర్టులో, ఒక సెస్నా 152 సర్క్యూట్‌లో తిరుగుతుంటే రెండింజన్ల సెస్నా 340 చాలా వేగంగా నేరుగా ఫైనల్‌కి వచ్చింది. రెండూ రేడియోలో చెబుతూనే ఉన్నాయి. రెండింట్లో ఉన్న ముగ్గురూ చనిపోయారు. అవతలివాడు ఎక్కడున్నాడో చెబితే సరిపోదు, ఎంత వేగంతో వస్తున్నాడో కూడా లెక్క వేసుకోవాలి. అనుమానముంటే అడుగు. ముందున్న విమానం నీ రెక్క దాటి వెళ్లడం కళ్లారా చూశాకే బేస్‌కి తిరుగు. కనపడకపోతే తిరగకు, డౌన్‌విండ్ (బేస్‌కి ముందు రన్‌వే పక్కగా వెళ్లే దారి) కాస్త పొడిగించు, ఆ సంగతి రేడియోలో చెప్పు.

ఇంకోటి. నిన్ను ఢీకొట్టబోయే విమానం నీ కిటికీ అద్దంలో కదిలినట్టు కనపడదు. ఉన్నచోటే ఉండి, చివర్లో ఒక్కసారిగా పెద్దదవుతుంది. కదిలేదాన్ని కన్ను తనంతట తానే పట్టుకుంటుంది, కదలనిదాన్ని మనమే వెతకాలి. చూపు గబగబా తిప్పేస్తే దొరకదు. పది డిగ్రీల ముక్క చూసి, ఒక సెకను ఆగి, తర్వాతి ముక్కకి వెళ్లు. చూసిన క్షణంనుంచి విమానం నిజంగా పక్కకి తిరిగేదాకా 12.5 సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ లెక్క. ఆ టైమ్ నీకు ముందే దొరకాలి. చుట్టూ ఉన్న విమానాలు చూపే ఏడీఎస్-బీ స్క్రీన్ ఉంటే మంచిదే, కానీ ఏడీఎస్-బీ లేని విమానాలూ తిరుగుతుంటాయి, అవి అందులో కనపడకపోవచ్చు. సర్క్యూట్‌లోకి వచ్చాక తల బయటికే.

సర్క్యూట్ ఎత్తు, మామూలుగా నేలనుంచి 1,000 అడుగులు, బయటే అందుకో. దిగుతూ లోపలికి దూరకు, కింద ఎవరున్నారో తెలియదు. పగలైనా ల్యాండింగ్ లైట్ వేసే ఉంచు.

టేకాఫ్‌కి రన్‌వే ఎక్కేముందు కూడా విమానాన్ని ఫైనల్ వైపు తిప్పి, ఎవరూ రావట్లేదని చూసుకునే కదులు.

మీ మామయ్య