స్లావిక్, యురేషియా అధ్యయనాలు అంటే రష్యన్ ఒక్కటేనా?

ప్రశ్న: విదేశీ విశ్వవిద్యాలయాలలో ‘స్లావిక్, యురేషియా ప్రాంతీయ అధ్యయనాలు’ అనే ఎం.ఏ. కోర్సు కనిపిస్తోంది. అది రష్యన్ భాషా సాహిత్యాల చదువేనా? ఆ రంగంలో జరిగే సదస్సులకు విద్యార్థి దశలోనే వెళ్లడం వల్ల ప్రయోజనం ఉంటుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: రష్యన్ ఒక్కటే కాదు. స్లావిక్ అంటే రష్యన్, ఉక్రేనియన్, పోలిష్ వంటి భాషల కుటుంబం. అయితే మీ సందేహానికి చరిత్రలోనే కారణం ఉంది. కొలంబియా విశ్వవిద్యాలయం 1946లో స్థాపించిన కేంద్రం పేరు ‘రష్యన్ ఇన్‌స్టిట్యూట్’. 1948లో హార్వర్డ్ నెలకొల్పినదీ రష్యన్ పరిశోధన కేంద్రమే. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించిన మరుసటి ఏడాదే అమెరికా తెచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టం, రష్యన్ వంటి భాషల బోధనకు ప్రభుత్వ నిధులు సమకూర్చింది. ప్రత్యర్థి రాజ్యాన్ని తెలుసుకోవాలన్న అవసరంతో పెరిగిన చదువు కావడంతో, ఆ ప్రాంతాన్నంతటినీ మాస్కో వైపు నుంచే చూడడం దానికి చాలాకాలం అలవాటుగా ఉండిపోయింది.

‘యురేషియా’ అంటే ఈ రంగంలో సాధారణంగా పూర్వపు సోవియట్ యూనియన్ విస్తరించిన భూభాగం. అక్కడి ఉజ్బెక్, కజక్ భాషలు తుర్కిక్ కుటుంబానివి, తాజిక్ పారశీకానికి రూపాంతరం, జార్జియన్ ఈ రెండింటితోనూ చుట్టరికం లేని కార్ట్‌వేలియన్ కుటుంబానిది. వీటిలో ఒక్కటీ స్లావిక్ భాష కాదు. కాబట్టి కోర్సు పేరును బట్టి కాక, రష్యన్‌తో పాటు అక్కడ ఏయే భాషలు క్రమం తప్పకుండా బోధిస్తున్నారో, చరిత్ర, రాజనీతి, మానవశాస్త్ర అధ్యాపకులు ఏ ప్రాంతంపై పనిచేస్తున్నారో చూసి నిర్ణయించుకోండి. నా దృష్టిలో భాష ఎంపికే అన్నిటికన్నా ముఖ్యం. మీరు కోరిన భాష అక్కడ లేకపోతే, ఇండియానా విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా నడుపుతున్న వేసవి భాషా శిక్షణ వంటివి ఆ లోటు కొంత తీరుస్తాయి.

ఇక సదస్సులకు తప్పక వెళ్లండి. 1948లో ఏర్పడిన అమెరికా స్లావిక్ అధ్యయనాల సంఘం 2010లో తన పేరులో తూర్పు యూరప్‌ను, యురేషియాను చేర్చుకుంది. 2022లో ఉక్రెయిన్‌పై రష్యా పూర్తిస్థాయి దండయాత్రకు దిగాక, ఆ సంఘం 2023 వార్షిక సదస్సుకు ‘నిర్వలసీకరణ’ను (డీకాలనైజేషన్, అంటే వలస పాలకుల దృష్టి నుంచి బయటపడడాన్ని) ప్రధానాంశంగా తీసుకుంది. ఈ రంగం తన పాత చూపును తానే ప్రశ్నించుకుంటున్న తీరు అటువంటి చర్చల్లో నేరుగా తెలుస్తుంది. అంత పెద్ద సభ బెదురు పుట్టిస్తే, జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయం సప్పోరోలో జరిపే సింపోజియంల వంటి చిన్న సమావేశాలతో మొదలుపెట్టవచ్చు. మొదటిసారే పత్రం సమర్పించాలని లేదు. మీరు నేర్చుకుంటున్న భాషలోని మూలాలను చదివి పరిశోధన చేస్తున్నవారెవరో కార్యక్రమ పత్రంలో ముందే గుర్తించి, వారి గోష్ఠిలో కూర్చుని, ఒక ప్రశ్నైనా అడగండి. రేపు పీహెచ్‌డీకి ఎవరి దగ్గర చేరాలో తేల్చుకోవడానికి ఆ పరిచయం పనికొస్తుంది.