అబ్జర్వేషన్ హోంలో ఉన్న కొడుకు అన్నం ముట్టడం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ మధ్యలో మానేశాడు. స్నేహితులతో కలిసి బైకు దొంగతనం కేసులో దొరికి, కేసు విచారణ దాకా పిల్లల్ని ఉంచే అబ్జర్వేషన్ హోంలో పది రోజులుగా ఉన్నాడు. ఏడాదిగా గంజాయి తాగుతున్నాడని నాకు తెలుసు. ఇంకో కేసు పడుతుందన్న భయంతో అక్కడ చెప్పలేదు. ములాఖత్‌కు పులిహోర చేసి తీసుకెళ్తే ముట్టుకోలేదు. కాలు ఆపకుండా ఊపుతున్నాడు, నిద్ర పట్టడం లేదట. ‘బతకాలని లేదమ్మా’ అన్నాడు. చేతి మీద గోళ్లతో రక్కుకున్న గీతలున్నాయి. వాళ్ల నాన్నేమో ‘అక్కడే పడుండనీ, బుద్ధొస్తుంది’ అని బెయిల్ మాటే ఎత్తనివ్వడం లేదు.
– ఓ తల్లి, గుంటూరు జిల్లా

జవాబు: ముందు ఆ గీతల సంగతి చూడాలి. వచ్చే ములాఖత్ దాకా ఆగకండి. ఇప్పుడే హోం సూపరింటెండెంట్‌కు ఫోన్ చేయండి. రేపు వెళ్లి తెల్లకాగితం మీద రాసివ్వండి: మా అబ్బాయి ఫలానా రోజు ఈ మాటన్నాడు, చేతి మీద గాయాలు చూశాను, ఒంటరిగా వదలొద్దు, మానసిక వైద్యుడికి చూపించండి అని. కాపీ మీద తేదీ, సంతకం వేయించుకోండి. ఇంకో కాపీ పిల్లల కేసులు విచారించే జువైనల్ జస్టిస్ బోర్డుకు ఇవ్వండి. ఊరికే బెదిరిస్తున్నాడేమోనని ఇంట్లో తర్జనభర్జనలు వద్దు. అది తేల్చాల్సింది డాక్టరు.

ఇక ఆ చిరాకు, తిండి మీద అయిష్టం, నిద్ర లేకపోవడం. ఏడాది పాటు రోజూ తాగినవాడికి ఒక్కసారిగా గంజాయి ఆగిపోతే జరిగేది ఇదే. మానేసిన ఒకటి రెండు రోజుల్లో మొదలై, మొదటి వారంలో బాగా ముదురుతుంది. రెండు వారాలకు చాలావరకు తగ్గుతుంది, నిద్ర కుదుటపడటానికి ఇంకా టైమ్ పట్టొచ్చు. వాడు పులిహోర పక్కన పెట్టింది మీ మీద కోపంతో కాకపోవచ్చు. అయితే అంతా గంజాయి వల్లేనని సరిపెట్టుకోకండి. చదువు మానేసేటప్పటికే వాడిలో దిగులు ఉండి ఉండొచ్చు. ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, వెంటపడుతున్నారన్నా అది కూడా డాక్టరుకు చెప్పాల్సిందే.

మీరు దాచడం వల్ల నష్టపోతున్నది వాడే. వాడికేమైందో తెలియక అక్కడివాళ్లు పొగరనుకుంటారు. మత్తుకు అలవాటుపడిన పిల్లలకు చికిత్స ఇప్పించాలని 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టమే చెబుతోంది. ప్రొబేషన్ అధికారి మీ ఇంటి పరిస్థితులు అడిగి బోర్డుకు నివేదిక ఇస్తారు, దాన్ని గోప్యంగా ఉంచాలి. ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఎంత కాలంగా, ఎవరితో, దానికి డబ్బెక్కడిది, అన్నీ. వైట్నర్ లాంటివి పీల్చేవాడా అన్నది కూడా వాణ్ణి మెల్లగా అడగండి. ఎయిమ్స్ 2019లో వెల్లడించిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ల కంటే 10–17 ఏళ్ల పిల్లల్లో ఎక్కువగా కనిపించిన మత్తు ఈ పీల్చే రకమొక్కటే: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. ఖర్చు తక్కువ, అందుకే మనకు తెలియదు.

మీవారి మాటకొద్దాం. కోపం న్యాయమే. పరువు పోయిందన్న బాధ తండ్రికి వేరుగా ఉంటుంది. కానీ చావాలనుందన్న పిల్లాణ్ణి బుద్ధి రావాలని అక్కడే వదిలేయడం నాకు సమ్మతం కాదు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు బెయిల్ ఇవ్వడమే చట్టంలో మామూలు పద్ధతి. బయటికొస్తే నేరస్తులతో కలుస్తాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయానికి భంగమనో బోర్డు నమ్మితేనే కాదంటుంది. కాబట్టి వట్టి చేతులతో వెళ్లకండి. ఆ స్నేహితులున్న వీధికి కాకుండా కొన్నాళ్లు మీ అన్నయ్య ఇంట్లోనో, బాబాయి ఇంట్లోనో ఉంచుతామని, వాళ్లను వెంటబెట్టుకెళ్లి చెప్పించండి. గుంటూరు ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) సైకియాట్రీ ఓపీలో చూపిస్తామనండి. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటర్ల గురించి ఎవరైనా చెబితే ముందు వెళ్లి చూసిరండి. పిల్లల్ని కొట్టే, కట్టేసే చోట్లు కూడా ఉన్నాయి.

ఆయన కదలకపోయినా తల్లిగా మీరు బెయిల్ అడగొచ్చు. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడొద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు, పిల్లలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. నంబరు 15100.

ములాఖత్‌లో కేసు మాట, నాన్న కోపం మాట ఎత్తకండి. ‘ఎందుకు చేశావురా’ అని ఇప్పుడు అడిగితే వాడి దగ్గర జవాబుండదు. రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావు, పక్క మంచం పిల్లాడెవరు, చెయ్యి మండుతోందా అని అడగండి. చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా అనీ నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు. అవునంటే బయటికి రాగానే సూపరింటెండెంట్‌కు చెప్పి, కదలండి. మీకే తట్టుకోలేనట్టుంటే 14416కు ఫోన్ చేయండి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.